వ్యవసాయ్

ఆదివారం నాకు డ్యూటీ లేదు.
ఎండ కాస్త వంగాక
నలుగురు పిల్లలు, రెండు సైకిళ్లు, నా పాత ఫోను
ప్రాణహిత వంతెన మీదికి పోతాం.
సిరొంచలో సిగ్నలు మూడు పూటలా నిద్రే.
వంతెన నడిమిట్ల నిలబడితే
అవతలి ఒడ్డు టవరు మమ్మల్ని గుర్తుపడుతుంది.
తెలంగాణ గాలి పట్టుకుని
మహారాష్ట్ర కాలేజీకి అర్జీ పెట్టడం
ఇక్కడ ఎవరికీ వింత కాదు.

దుర్గం తిరుమలకి బారావిలో డెబ్బై నాలుగు.
ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ,
లెక్కలు మాత్రం నోరు మెదపకుండా చేస్తుంది.
ఫారంలో ఒక గడి: వడిలాంచా వ్యవసాయ్.
తండ్రి ఏం పని చేస్తాడని అడగడం అది.
ఈ పిల్ల తెలుగు కళ్లతో చదివింది.
"లేదు" అని కొట్టింది.
ఎందుకే, అన్నాను.
"మాకు భూమెక్కడిదక్కా?"

నవ్వబోయి ఆగిపోయాను.
వాళ్ల నాన్న బానయ్య
ఎండాకాలం తునికాకు కోస్తాడు,
చలి తిరిగితే అవతలి ఒడ్డున మిరపతోటల్లో ఉంటాడు,
మధ్యలో ఎవరి ఇంటి గోడైనా మెత్తుతాడు.
ఇన్ని పనుల మనిషి పక్కన
బిడ్డ చేతి రాత: లేదు.
చెరిపించి "మజూరీ" అని రాయించాను.
ఇంకా రాయాల్సింది. గడి చిన్నది.

పన్నెండేళ్ల కింద నాకూ ఒక ఫారం ఉండేది.
నర్సింగు. లిస్టులో నా పేరు కూడా చూశాను.
కులం కాగితం సరిచూడాలి,
తాత ఊరి దాఖలా తెమ్మన్నారు.
మా తాత నదికి ఇటు పుట్టాడా, అటు పుట్టాడా?
చెప్పాల్సిన పడవోళ్లు ఎప్పుడో పోయారు.
గడ్చిరోలికి ఏడుసార్లు తిరిగాను.
కాగితం వచ్చింది,
తేదీ పోయిన తొమ్మిదో రోజున.
ఆ తిరుగుళ్లలో స్టాపులన్నీ నోటికొచ్చాయి,
అందుకే కండక్టరునయ్యానని
డిపోలో చెప్తుంటాను.
అందరూ నవ్వుతారు.

సరే, ఇంటర్వ్యూ.
రెయిలింగు మీద కూర్చుని నేనే సాహెబుని.
"నీ గురించి చెప్పు" అంటాను మరాఠీలో.
గోమాస బాపు చేతులు కట్టుకుంటాడు,
గొంతు చెప్పుల దాకా దిగుతుంది.
చేతులు దించరా.
టికెట్ కొని ఎక్కావు, ఊరికే ఎక్కలేదు,
నిలబడి ఎందుకు, కిటికీ పక్కన కూర్చో.
మళ్లీ చెప్పు.
మడావి లాలసుకి ఐటీఐలో కరెంటు పని కావాలి.
వాళ్ల పల్లెలో స్తంభాలున్నాయి, తీగల్లేవు.
ఎందుకీ కోర్సు అని అడిగితే
అదే చెప్పు, ఇంకేం కలపకు అన్నాను.

తిరుమల మాత్రం నన్నే అడిగింది:
"నీళ్లు ఎక్కడిదాకా రావాలో
చెప్పే చదువు ఏదన్నా ఉందా అక్కా?"

రెండు వానాకాలాలుగా
వేపకర్రకి గాట్లు పెట్టి పాతుతోంది,
ఆనకట్ట వెనకనీళ్లు చేలల్లోకి ఎన్ని గాట్లెక్కాయో
నోటుబుక్కులో రాస్తోంది.
ఎవరూ రాయమనలేదు.
గుంటెడు నేల లేని ఇంటి పిల్ల
ఊరందరి మునకల లెక్క రాస్తోంది.

నాకు తెలీదు, అన్నాను.
అహేరి నుంచి చంద్రపూర్ దాకా ప్రతి స్టాపూ తెలుసు,
ఈ స్టాపు తెలీదు.
ఎప్పుడో నా బస్సులో పర్సు మర్చిపోయిన
నాగపూర్ ఇంజినీరమ్మ నంబరు ఉంటే చేశాను.
ఆమె మూడు కోర్సుల పేర్లు చెప్పింది,
ఫీజు మాఫీకి ఏ కాగితం ముందు కావాలో చెప్పింది,
పిల్లని ఒకసారి మాట్లాడమంది.
తిరుమల పేర్లు అరచేతిలో రాసుకుంది.
నోటుబుక్కు నిండా నీళ్లే కదా.

బ్యాటరీ నాలుగు శాతం ఉండగా
పావతి నంబరు వచ్చింది.
నలుగురూ తలో మూడంకెలు గుర్తుపెట్టుకున్నారు.

వంతెన దిగేచోట బానయ్య ఎదురొచ్చాడు,
భుజాన ఆకు మోపు.
"ఏం రాసిన్రు నా పని?"
బిడ్డ ఫోను చూపింది.
వేళ్లకి పసరు, ఆయన ముట్టుకోలేదు.
వంగి చూశాడు.
"చిన్నగ రాసిన్రు గదా" అన్నాడు.